గొడుగు గుర్తు క్లిప్పు

పొద్దున ఎనిమిదింటికి ఆ గది తాళం తీశాక పెద్ద టీచర్ ఒక్క నిమిషం గుమ్మంలోనే నిలబడుతుంది. ఇరవై రెండు బుల్లి కుర్చీలు, నాలుగు పొట్టి బల్లలు, గోడవారగా బొమ్మల అరలు, మూలన పరుపు, అన్నీ నోరు మూసుకుని ఉండే నిమిషం అది. ఆ నిమిషం ఆమెది. ఆ తర్వాత సాయంత్రం నాలుగింటి దాకా ఆమెది అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు, చేతిరుమాలు కూడా ఎవరో ఒకరి ముక్కు దగ్గర ఉంటుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే తంతు. మొదట్లో ఆ నిమిషంలో ఆ పూట చెప్పబోయే కథను తలుచుకునేది. ఇప్పుడు మాత్రం, ఆ గదిలో పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ ఒక్కటంటే ఒక్కటి వెయ్యాలని తోచని మహానుభావుణ్ణి తలుచుకుంటుంది. ఆమె మోకాళ్ళు ఆమెకంటే ముందే రిటైరయ్యాయి.

అసలు ఆ గదికి ఇద్దరు టీచర్లు ఉండాలి. చిన్న టీచర్ మూడు నెలల కిందట ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. "సోమవారం కొత్తమ్మాయి వస్తుంది" అని హెడ్ మేడమ్ ప్రతి శుక్రవారం చెబుతుంది. ఏ సోమవారమో చెప్పదు. అంతవరకూ ఐదేళ్ళలోపు పిల్లలు ఇరవై ఇద్దరికీ పెద్ద టీచర్, ఆయమ్మ, అంతే. ఆయమ్మ ముక్కులు తుడుస్తుంది, తడిసిన బట్టలు మారుస్తుంది, కింద పడ్డదంతా ఎత్తుతుంది, మధ్యమధ్య లోకాన్ని తిడుతుంది. ఆ నాలుగు పనుల్లోనూ ఆమెకు సాటి లేరు.

పోనీ ఇంటికెళితే విశ్రాంతి అనుకునేరు. ఇంటి దగ్గర ఆయన ఉన్నాడు. ఒకప్పుడు ఎన్ని వందలమందికో కారు నడపడం నేర్పినవాడు, కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఎడమచేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోవడం మొదటినుంచీ నేర్చుకుంటున్నాడు. సాయం చేస్తే కోపం, చెయ్యకపోతే కోపం. బొత్తాం కాజాలో దూరేవరకూ ఆమె పక్కన నిలబడి ఒకటే మాట చెబుతుంది: "నేనున్నాను. తొందరేం లేదు." బళ్ళో ఏడ్చే పిల్లల దగ్గర చెప్పేదీ అదే మాట. బడి నుంచి ఇంటికి పట్టుకెళ్ళిందో, ఇంటి నుంచి బడికి తెచ్చిందో ఆమెకే గుర్తులేదు. ఒకటి మాత్రం తెలుసు. తొందరేం లేదని పైకి అంటున్నంతసేపూ లోపల తొందర కుతకుతలాడుతూనే ఉంటుంది.

ఆ గదిలో తలుపు పక్కన మొహాల బోర్డు ఉంది. అట్ట మీద ఐదు గుండ్రటి మొహాలు: నవ్వు, ఏడుపు, కోపం, భయం, అలసట. అలసట అనే మాట పిల్లలకు పట్టుబడదు. కళ్ళు సగం వాలిన ఆ మొహాన్ని వాళ్ళు నిద్దర మొహం అంటారు. ఒక్కొక్కరికి ఒక బట్టల క్లిప్పు, దానికి అంటించిన ఒక బొమ్మ. పొద్దున రాగానే బుట్టలోంచి తన క్లిప్పు వెతుక్కుని, ఆ పూట మనసెలా ఉందో ఆ మొహానికి తగిలించాలి. ఏడుపుకి పెట్టినవాణ్ణి టీచర్ కాసేపు పక్కన కూర్చోబెట్టుకుంటుంది. కోపానికి పెట్టినదాన్ని మూల పరుపు దగ్గరికి వస్తావా అని అడుగుతుంది. పంపదు, అడుగుతుంది, తనూ వెళ్ళి పక్కన కూర్చుంటుంది. అక్కడొక మెత్తటి దిండు, మెరుపుపొడి కలిపిన నీళ్ళ సీసా. సీసా ఊపి, మెరుపులన్నీ అడుక్కి దిగేదాకా చూస్తూ కూర్చోవాలి. కోపమూ అంతే, ఎవరూ కదపకపోతే దానంతటదే దిగుతుంది అని ఆమె చెబుతుంది. బోర్డుకి ఉన్న నియమాలు మూడే. ఏ మొహం పెట్టినా తప్పు కాదు. ఎవరి క్లిప్పు వాళ్ళే పెట్టుకోవాలి. ఇంకొకరిది ముట్టుకోకూడదు.

టీచర్‌కీ ఒక క్లిప్పు ఉంది, గొడుగు గుర్తుది. అది నవ్వు మొహానికి ఉంటుంది. ఎప్పుడూ అక్కడే. సాయంత్రం ఆయమ్మ పిల్లల క్లిప్పులన్నీ తీసి బుట్టలో వేస్తుంది గానీ గొడుగును కదపదు, రేపూ అక్కడికే కదా వచ్చేది, రెండు పనులెందుకు అని. ఎన్నేళ్ళయిందో ఏమో, ఆ అట్టంతా ఎండకు వెలిసిపోయినా ఆ క్లిప్పు కింద మాత్రం రంగు కొత్తగానే ఉంది. ఇరవై ఇద్దరి మొహాలు చదివే మనిషికి ఇరవై మూడోది చూసుకునే తీరిక ఎక్కడిది?

ఈ ఏడు సగంలో వచ్చి చేరింది మిరపకాయ. ఆ పేరు ఆయమ్మ పెట్టింది. నాలుగేళ్ళ పిల్ల, బెత్తెడు మనిషి, చూపు మాత్రం తనిఖీకి వచ్చిన ఆఫీసరుది. వచ్చిన రోజునే క్లిప్పుకి చీమ బొమ్మ కావాలంది. "చీమెందుకమ్మా, సీతాకోకచిలుక ఉంది చూడు" అంటే, "చీమే" అంది. పదిరోజుల్లో ఎందుకో తెలిసింది. బుగ్గలు అని అందరూ పిలుచుకునే పిల్లాడి భుజం మీద ఆరు పళ్ళ గుర్తులు పడ్డాయి. రెండు వారాలకు అదే పిల్లాడి ముంజేతి మీద మళ్ళీ పడ్డాయి.

ఒంటి మీద గుర్తు పడితే గాయం కాగితం రాయాలి, అది ఆ బడి పద్ధతి. పసుపు రంగు కాగితం. ఎవరికి, ఎవరివల్ల, ఎక్కడ, ముందు ఏం జరిగింది అని నాలుగు గీతలు, కింద సంతకాలు. పిల్లల్లో ఒకే పేరు 'ఎవరివల్ల' అన్న గీత మీద ఏడాదిలో మూడుసార్లు పడితే ఆ పేరు హాజరు పట్టీలోంచి పోతుంది. మిరపకాయ పేరు మీద రెండు కాగితాలయ్యాయి. రెండింటిలోనూ 'ముందు ఏం జరిగింది' అన్నచోట పెద్ద టీచర్ 'ఏమీ లేదు' అని రాసింది. అది రాసేసరికి నాలుగున్నర, కాళ్ళు పీకుతున్నాయి, ఇంటి దగ్గర ఆయన మందుల వేళ. నిజానికి ముందు ఏం జరిగిందో ఆమె చూడలేదు. చూడలేదని రాయాల్సింది, ఏమీ లేదని రాసేసింది.

సోమవారం హెడ్ మేడమ్ తన గదికి పిలిచింది. బల్ల మీద టీ కప్పు చల్లారిపోయి మీగడ కట్టి ఉంది.

"బుగ్గలు వాళ్ళ నాన్న పొద్దున్నే ఫోన్లో ఒంటికాలి మీద లేచాడు టీచర్. ఇంకొక్క కాగితం పడిందంటే ఇక నా చేతుల్లో ఉండదు. ఆ పిల్ల పేరు తీసెయ్యాల్సిందే."

"నాలుగేళ్ళ పిల్లండీ."

"తెలుసు. కరిచినవాళ్ళకి ఎవరికీ నలభై ఏళ్ళు లేవు ఇక్కడ."

"వాళ్ళమ్మ ఒక్కతే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. దీన్ని ఎక్కడ పెట్టి పనికి పోతుంది? మనం పొమ్మంటే ఆవిడ పనీ పోతుంది."

"నాకు మాత్రం సరదానా?" అంది హెడ్ మేడమ్, కప్పు మీద మీగడను వేలితో పక్కకి నెడుతూ. "మీరే కాస్త కనిపెట్టుకుని ఉండండి."

కనిపెట్టుకుని ఉండాలట! ఇరవై ఇద్దరిలో ఒకదాన్ని కనిపెట్టుకుని కూర్చుంటే మిగతా ఇరవై ఒక్కరినీ దేవుడికి వదిలెయ్యాలి, దేవుడికి ముక్కులు తుడవడం వచ్చో రాదో తెలియదు. పెద్ద టీచర్ ఈ మాట పైకి అనలేదు, మింగేసి గదికొచ్చింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక చూస్తే గొడుగు క్లిప్పు నిద్దర మొహానికి ఉంది. ఆయమ్మ దులుపుతూ తప్పు పెట్టిందేమోనని తీసి నవ్వుకి పెట్టింది. మంగళవారం మధ్యాహ్నానికి మళ్ళీ నిద్దర మొహం మీదికి వచ్చింది. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి అడిగింది.

"టీచర్ క్లిప్పు ఎవరు మార్చారమ్మా?"

ఇరవై ఒక్కమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మిరపకాయ చెయ్యెత్తింది. "నేనే."

"ఇంకొకరిది ముట్టుకోకూడదని చెప్పుకున్నాం కదా?"

"నువ్వు తప్పు పెట్టుకున్నావు టీచర్" అంది మిరపకాయ.

దానికి జవాబు చెప్పేలోపు ఎవడో నీళ్ళ సీసా బోర్లించాడు, ఇంకెవత్తో తడిసిపోయానని రాగం అందుకుంది, దాన్ని చూసి ఇద్దరు వంతపాడారు. ఆ గోలలో ఆ మాట కొట్టుకుపోయింది. పెద్ద టీచర్ వెళుతూ వెళుతూ గొడుగును మళ్ళీ నవ్వుకి తగిలించింది.

బుధవారం ఇంటి దగ్గరే చెడ్డగా మొదలైంది. మూడో బొత్తాం దగ్గర ఆయన చొక్కా విప్పి నేలకేసి కొట్టాడు. "నేనున్నాను" అంది ఆమె. "ఉంటే ఏం లాభం!" అన్నాడాయన. మంచి ప్రశ్నే. జవాబు ఆలోచించడానికి టైము లేదు, బస్సు వచ్చేసింది. పైన వాన. బళ్ళో గుమ్మం నిండా తడి చెప్పులు, తడి గొడుగులు. బయట ఆడుకోవడానికి లేదు కాబట్టి ఇరవై ఇద్దరూ నాలుగు గోడల మధ్యే. పదకొండింటికి గది చేపల బజారులా ఉంది. ఆయమ్మ ఒకణ్ణి బాత్రూమ్‌కి తీసుకెళ్ళింది. పెద్ద టీచర్ ఒక చేత్తో రంగుల పళ్ళెం పట్టుకుని, ఇంకో చేత్తో ఇద్దరి మధ్య బొమ్మకారు లాగుతూ, తలెత్తి చూసింది.

గదికి అవతలి కొసన మిరపకాయ కుర్చీ ఈడ్చుకొచ్చి బోర్డు కింద వేసుకుంది. కుర్చీ ఎక్కి, మునివేళ్ళ మీద లేచి, గొడుగు క్లిప్పు అందుకుంటోంది. కుర్చీ ఒక కాలు తడి చెప్పు మీద ఉంది. ఊగుతోంది.

పడిపోతుందన్న భయంతోనే పరిగెత్తింది, అందులో సందేహం లేదు. కానీ దగ్గరికి చేరేసరికి ఆమెలో ఉన్నది భయం ఒక్కటే కాదు. పొద్దున్నుంచి మింగినవన్నీ, మూడు నెలల నుంచి మింగినవన్నీ అరికాలి నుంచి నెత్తికెక్కాయి. పిల్ల చెయ్యి దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజి కిందికి లాగింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

ఆ గొంతు ఎవరిదో ఆమెకే అర్థం కాలేదు. గదంతా చీమ చిటుక్కుమంటే వినపడేలా అయిపోయింది. మిరపకాయ ఏడవలేదు. మెడ వంచి టీచర్ బొటనవేలి మొదట్లో కసిగా కొరికింది.

అప్పుడు వదిలెయ్యాల్సింది. ఇరవై ఆరేళ్ళ అనుభవం వదలమనే చెప్పింది. కానీ ఆమె వదల్లేదు. ఇంకా గట్టిగా బిగించింది. రెండు క్షణాలు, మహా అయితే మూడు. ఆ మూడు క్షణాలూ ఆమె టీచరు కాదు, ఎవరి అమ్మా కాదు, నొప్పెట్టిన ఒక మనిషి, అంతే. తర్వాత వేళ్ళు వదులయ్యాయి. పిల్ల ముంజేతి మీద నాలుగు ఎర్రటి గుర్తులు. ఎవరూ చెప్పకుండానే మిరపకాయ నడుచుకుంటూ మూల పరుపు దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. దాని గుప్పిట్లో గొడుగు క్లిప్పు ఉంది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆయమ్మ దగ్గరికొచ్చి గుసగుసగా అంది.

"కాగితం గీగితం పెట్టుకోకండి టీచరమ్మా. కొరికింది మీ చెయ్యే కదా, ఇంకో పిల్లది కాదు కదా. చూసింది నేనొక్కదాన్ని. నా నోట్లోంచి రాదు."

"నువ్వు బాత్రూమ్ దగ్గరున్నావు."

"గుమ్మంలోకి వచ్చాను. అంతా చూశాను." ఆయమ్మ తల దించుకుంది. "దాని చేతి మీద గుర్తు సాయంత్రానికి పోతుందిలెండి. పోకపోతే కుర్చీ మీంచి పడబోతుంటే పట్టుకున్నామని చెబుదాం. అబద్ధం కూడా కాదు."

అబద్ధం కూడా కాదు. అదే బాధ. పెద్ద టీచర్‌కి ఆ మాట ఎంత హాయిగా అనిపించిందంటే, అంత హాయిగా అనిపించినందుకే భయమేసింది. కాగితం రాయకపోతే పిల్ల బళ్ళో ఉంటుంది, తన పేరూ మచ్చలేకుండా ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి? కానీ రేపు ఈ గదిలో ఇంకెవరి చేతి మీదైనా గుర్తు పడితే, ఎలా పడిందమ్మా అని ఏ మొహం పెట్టుకుని అడగాలి?

మూలకి వెళ్ళి పరుపు మీద కూలబడింది. మిరపకాయ నిద్రపోలేదు. సీసా ఊపుకుంటూ చూస్తోంది.

"నేను నిన్ను లాగాను. అరిచాను. అది నా తప్పు" అంది పెద్ద టీచర్. "క్షమించు."

మిరపకాయ సీసాలోంచి కళ్ళు తిప్పలేదు. "నీ చెయ్యి నొప్పా?"

"నొప్పే."

"నాదీ నొప్పే. అందరూ అక్కడే పట్టుకుంటారు. బుగ్గలు కూడా అక్కడే పట్టుకున్నాడు."

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ ఎక్కడో తెలియలేదు. బుగ్గలు ఎప్పుడు పట్టుకున్నాడు? కొరికే ముందా? రెండు కాగితాల మీదా తన చేతిరాతతో ఉన్న 'ఏమీ లేదు' కళ్ళ ముందు కదిలింది.

"నా క్లిప్పు ఎందుకు మార్చావమ్మా?"

మిరపకాయ ఇప్పుడు తిరిగి చూసింది. చిన్నపిల్లలకు తెలిసిందే మళ్ళీ చెప్పేటప్పుడు టీచర్లకు వచ్చే విసుగు దాని మొహంలో ఉంది.

"నీది నవ్వు మొహం కాదు. నిద్దర మొహం. రోజూ తప్పే పెట్టుకుంటావు."

పెద్ద టీచర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్ళుగా తను నేర్పుతున్నది ఇదే కదా, ఎదుటి మనిషి మొహం చూసి లోపల ఏముందో తెలుసుకోవడం. ఈ పిల్ల నేర్చుకుంది. నేర్చుకున్నది చూపిస్తే తను చెయ్యి విరిచినంత పని చేసింది. మిరపకాయ సీసా ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ మెరుపులు దిగేదాకా కూర్చున్నారు.

మూడింటికి ఆమె పసుపు కాగితం తీసుకుంది. ఎవరికి అన్నచోట మిరపకాయ అసలు పేరు రాసింది. ఎవరివల్ల అన్నచోట తన పేరు రాసింది. ముందు ఏం జరిగింది అన్న గీత ఈసారి సరిపోలేదు, కాగితం వెనక్కి తిప్పి అక్కడా రాసింది. పాత కాగితాల్లో 'ఏమీ లేదు' అని తను చూడకుండానే రాశానని కూడా చేర్చింది.

హెడ్ మేడమ్ రెండువైపులా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నేను చదవనట్టు ఉంటే?"

"నేను రాసినట్టే ఉంటుందండీ."

"పెద్దవాళ్ళ పేరు పడితే పదిహేను రోజులు క్లాసుకి దూరంగా ఉండాలి. కమిటీ చూస్తుంది. తర్వాత ఏమంటారో నేను చెప్పలేను."

"పాప పేరు ఆ గీత మీద లేదు కదా. పాపకి ఇది మూడో కాగితం కాదు కదా?"

"కాదు. కొరకడం మీరు పట్టుకున్నాక జరిగింది. మీరే రాశారు." హెడ్ మేడమ్ కళ్ళు నులుముకుంది. "ఇరవై ఆరేళ్ళలో మీ పేరు మీద ఒక్క కాగితం లేదు. మరి ఆ గదిలో రేపు ఎవరు కూర్చోవాలి? నేనేనా? ఆ బుల్లి కుర్చీలో కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి."

"మూడు నెలలుగా నేనొక్కదాన్నే లేస్తున్నానండీ" అంది పెద్ద టీచర్. నిష్ఠూరంగా అనలేదు, నిష్ఠూరానికి కూడా కొంచెం ఓపిక కావాలి. అయినా హెడ్ మేడమ్ తల దించుకుంది. కాగితం మీద సంతకం పెట్టి, "తల్లి సంతకం మీరే తీసుకోండి" అంది.

నాలుగుంపావుకి మిరపకాయ వాళ్ళమ్మ వచ్చింది. సన్నటి మనిషి. రోజంతా ఆవిరిలో ఉండి వేళ్ళ కొసలు ముడుచుకుపోయి ఉన్నాయి. మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఆయమ్మ నేల తుడుస్తూ తుడిచిన చోటే తుడుస్తోంది.

"మళ్ళీ కొరికిందా?" అంది ఆవిడ గుమ్మంలోనే బిక్కచచ్చిపోయి. "టీచర్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికీ..."

"కొరికింది నన్ను. ముందు నేను దీన్ని గట్టిగా పట్టుకుని లాగాను. ఇదిగో చూడండి." పెద్ద టీచర్ మిరపకాయ చొక్కా చెయ్యి పైకి మడిచింది. నాలుగు గుర్తులు ఎరుపు తగ్గి నీలానికి తిరుగుతున్నాయి. "పేరు పోయేది పాపది కాదు. కాగితం నా పేరు మీద రాశాను. మీరు చదువుకుని సంతకం పెట్టాలి. మీరు నన్ను తిట్టినా పడతాను."

ఆవిడ తిట్టలేదు. ఆ చేతిని పట్టుకుని చూస్తూ చూస్తూ బుల్లి కుర్చీలో కూలబడిపోయింది.

"ఎన్నింటికి జరిగింది?"

"పదకొండు దాటాక."

"పొద్దున..." ఆవిడ పిల్ల కాళ్ళ వైపు చూసింది. "పొద్దున మెట్ల దగ్గర చెప్పు వేసుకోనని కూర్చుందండీ. వాన. బస్సు కదిలిపోతోంది. ఈ చెయ్యే. ఇలాగే లాగాను. ఈ రోజే కాదు. ఆలస్యమైనప్పుడల్లా అంతే. లేటయితే సగం రోజు జీతం కోసేస్తారండీ, అప్పుడు నా ఒంటి మీద నాకు తెలివి ఉండదు."

తన నాలుగు వేళ్ళూ ఆ గుర్తుల మీద పెట్టి చూసుకుంది. సరిపోయినట్టే ఉన్నాయి. తీసేసింది. పెద్ద టీచర్ తన వేళ్ళు పెట్టింది. అవీ సరిపోయినట్టే ఉన్నాయి. ఆ చిన్న చేతి మీద పెద్దవాళ్ళ వేళ్ళన్నీ ఒకే కొలత. అందరూ అక్కడే పట్టుకుంటారు అని పిల్ల ఎందుకందో, బుగ్గలు పాపం ఆటలో పట్టుకున్నా ఎందుకు కొరికిందో పెద్ద టీచర్‌కి అప్పుడు అర్థమైంది. అప్పటికే నొప్పెడుతున్న చోటది.

"ఇది నాదేనండీ" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "మీ పేరు కొట్టేసి నా పేరు రాయండి. తల్లిని ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఎవరూ ఉండరుగా."

"మీదైతే మాత్రం, నేను పట్టుకోనట్టు అవుతుందా?" పెద్ద టీచర్ కలం ఆవిడ చేతిలో పెట్టింది. "రేపటి నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని దీన్ని ఎత్తుకుని బస్సెక్కెయ్యండి. ఇక్కడికొచ్చాక వేసుకుంటుంది. చెప్పులు లేవని మేమెవరం కాగితం రాయం."

ఆయమ్మ ఉండబట్టలేక ముక్కు గట్టిగా చీదింది. మిరపకాయ వాళ్ళమ్మ సంతకం పెట్టింది. పేరు గీత దాటి పోయింది.

ఇంతసేపూ మిరపకాయ ఇద్దరి మధ్యా నిలబడి ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూస్తూనే ఉంది. తనిఖీ పూర్తయినట్టుంది. జేబులోంచి గొడుగు క్లిప్పు తీసి బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఈసారి కుర్చీ ఎక్కలేదు. క్లిప్పు టీచర్ చేతికిచ్చి ఊరుకుంది, ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి కదా.

పెద్ద టీచర్ దాన్ని నిద్దర మొహానికి తగిలించింది. నవ్వు మొహం మీద ఆ క్లిప్పు ఉన్నచోట రంగు తళతళలాడుతూ చిన్న పట్టీలా కనిపించింది. ఇన్నేళ్ళూ అది అలా ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"అమ్మకి క్లిప్పు లేదు" అంది మిరపకాయ ఫిర్యాదుగా. కాసేపు ఆలోచించి, బుట్ట వెతికి, తన చీమ క్లిప్పు తీసి తల్లికి ఇచ్చింది. "అమ్మా, నువ్వూ పెట్టు. గొడుగు పక్కన."

ఆవిడ టీచర్ వైపు చూసింది. టీచర్ తలూపింది. చీమ వెళ్ళి గొడుగు పక్కన కూర్చుంది.

"మరి నీకో?" అంది పెద్ద టీచర్.

"నాకు రేపు కొత్తది ఇస్తావుగా."

రేపు. రేపు ఈ పిల్ల వస్తుంది. అందుకోసమే కదా అంతా రాసింది. కానీ బుట్ట ముందు కూర్చుని కొత్త బొమ్మ అంటించి ఇచ్చే మనిషే రేపు ఉండదు. ఆయమ్మ ఇస్తుందిలే అని మాట దాటెయ్యొచ్చు. అలా దాటేసి దాటేసి ఇక్కడిదాకా వచ్చింది. పిల్ల ఎత్తుకి వంగి కూర్చుంది, మోకాళ్ళు పటపటమన్నాయి.

"రేపు నేను రానమ్మా. పదిహేను రోజులు రాను. నిన్ను లాగినందుకు బయట కూర్చోవాలి. తర్వాత రానిస్తే వస్తాను."

మిరపకాయ దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పదిహేను అంటే ఎంతో దానికి తెలియదు, పది తర్వాత లెక్క రాదు. టీచర్ మొహం మాత్రం బాగా తెలుసు. దగ్గరికొచ్చి, పళ్ళ గుర్తులున్న ఆ చేతి మీద తన చెయ్యి వేసి, రోజూ వినే గొంతుతోనే, అంత నిదానంగానూ చెప్పింది.

"మెల్లగా రా టీచర్. తొందరేం లేదు."

పెద్ద టీచర్ ఆ బుల్లి కుర్చీల మధ్య నేల మీదే చతికిలబడి, ఆయమ్మ చూస్తోందని కూడా లేకుండా, బావురుమని ఏడ్చింది. వీధిలో బస్సు హారన్ కొట్టింది. మిరపకాయ వాళ్ళమ్మ ఒకసారి అటు చూసింది గానీ లేవలేదు. ఆ బస్సు పోనిచ్చింది.